తలల్లేని గొల్లభామలు

మా పెళ్లికి పిలిచిన ఫోటోలాయన నన్నూ మా ఆయన్నీ మెడ దాకే తీశాడు. అడిగితే, "తలలు పోతే ఏంది బిడ్డా, చీరైతే మంచిగ పడ్డది గద" అని నవ్వాడు. ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది.

మరుసటేడు ఆయనే తన కూతురి పెళ్లికి గొల్లభామల చీర నేయించుకోవడానికి సిద్దిపేటంతా వదిలేసి మా మగ్గం దగ్గరికే వచ్చాడు. సంతోషంగా ఒప్పుకున్నాం. నెత్తిన కుండతో నిలబడాల్సిన గొల్లభామలను అంచు పొడవునా మెడ దగ్గరే ఆపేశాం.

పెళ్లి ముందురోజు వచ్చి మడత విప్పాడు. మొహం మాడిపోయింది.

"గిదేంది? తలలేవి?"

"తలలు పోతే ఏంది కాకా, వాళ్ల కుచ్చిళ్లయితే మంచిగ పడ్డయి గద" అన్నాను.