నీళ్ల లైటు

అన్నయ్యా నేనూ వేరుపడిన మూడు వారాలకి కారులో నీళ్ల లైటు వెలగడం మొదలుపెట్టింది.

వేరుపడ్డ కారణం చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ ఏడాది పత్తి వేద్దామని నేను, మిరపే వేయాలని ఆయన. మాటా మాటా పెరిగింది, పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు, పొలం మధ్యన కొత్త గట్టు పడింది, ఇంటి మధ్యన ఇటుక గోడ లేచింది. అటు అన్నయ్యా వదినా, ఇటు నేనొక్కణ్ణి. నాకు పెళ్లి కాలేదు. ముప్పై అయిదు దాటాక సంబంధాలు అడిగేవాళ్లు మానేశారు, నేనూ ఊరుకున్నాను. నాకు పదేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆ ఏడే పొన్నూరు నుంచి కాపురానికొచ్చిన వదిన నన్ను పెంచింది. ఆ మనిషికీ నాకూ మధ్య గోడ కట్టించిన ఘనుణ్ణి నేనే. కట్టిన మేస్త్రీకి దగ్గరుండి టీ తాగించింది కూడా నేనే.

ట్రాక్టరు అన్నయ్యకి పోయింది, కారు నాకొచ్చింది. గుంటూరులో ఒక డాక్టరు వాడి అమ్మేస్తే కొన్న పాత డీజిల్ బండి అది. కొన్ననాటి నుంచీ నేనే నడిపాను. మిరప యార్డుకి, ఒంగోలులో ఆఫీసు పనులకి, వదినని పొన్నూరు తీసుకెళ్లడానికి, అన్నిటికీ అదే. ఐదేళ్లలో ఒక్కనాడూ దారిలో ఆగలేదు. బండి ఏదైనా నడిపే చేతిలో ఉంటుందని ఊళ్లో కోతలు కోసేవాణ్ణి.

అలాంటిది, స్పీడు చూపించే ముల్లు పక్కన ఎర్రగా ఆ లైటు వెలిగింది. రేడియేటర్లో నీళ్లు తగ్గితే వెలిగే లైటు. బానెట్ ఎత్తి చూస్తే నిజంగానే తగ్గాయి. పెరట్లో బోరు కొట్టి చెంబుడు నీళ్లు పోశాను, ఆరిపోయింది. వారం తిరిగేసరికి మళ్లీ వెలిగింది. మళ్లీ పోశాను. అలా నెల గడిచాక టౌనుకి తీసుకెళ్లాను. ఒక మెకానిక్ రేడియేటర్ మూత మార్చాడు. ఇంకొకడు రబ్బరు పైపులు మార్చాడు. మూడోవాడు ఇంజను కింద దూరి, బయటికొచ్చి, "ఎక్కడా చుక్క కారటంలా. ఇంజనే తాగేస్తందండీ, దించాల్సిందే" అన్నాడు. ఎలక్ట్రీషియన్ దగ్గరికెళితే ఆయన వైద్యం ఇంకా సులువు. "బల్బు పీకేస్తే సరిపోద్ది గదండీ" అన్నాడు. తలనొప్పికి తల తీసేసే రకం.

నేను పీకనివ్వలేదు. కానీ దూరం వెళ్లడం మానుకున్నాను. ఎక్కడ ఆగిపోతుందోనని భయం. అసలే నా వాటా పత్తికి పచ్చపురుగు పట్టింది, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈ కారు ఒకటి. ఇక ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఒక్కడికి అన్నం వండుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎంత తగ్గించి వేసినా మిగిలేది. గోడకి అటువైపు అన్నయ్య దగ్గు వినబడేది. వదిన రోట్లో పచ్చడి నూరే చప్పుడు వినబడేది, కాసేపటికి వాసన కూడా వచ్చేది. గోంగూరో దోసకాయో ఇటు కూర్చుని చెప్పగలిగేవాణ్ణి. అయినా ఎవరూ పిలవలేదు, నేనూ వెళ్లలేదు. కొన్ని రోజులు మనిషితో ఒక్క మాట మాట్లాడకుండానే గడిచిపోయేవి. రోజు మొత్తం మీద నన్ను పట్టించుకునేది ఆ ఎర్ర లైటొక్కటే.

ఒక ఉదయం టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. కారు బయటికి తియ్యటం లేదేమని ఎవరో అడిగారు. నాకు లోపల ఉడుకుతున్నదంతా పైకి తన్నింది.

"ఇన్నేళ్లు జలుబు కూడా లేని బండి, నా వాటాకి రాగానే రోగం ఎట్టా వచ్చిందిరా? ఇచ్చేముందు ఏదో చేసే ఇచ్చారు" అన్నాను.

బల్లమీద నా పక్కన కూర్చున్న పెద్దాయన, "మీ అన్న అట్టాంటోడు కాదులే" అన్నాడు.

"ఆయన కాకపోతే ఆవిడ" అన్నాను.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి చూసి నేనే ఎన్నోసార్లు నవ్వాను. ఆ పూట మాత్రం నా మాట నాకు న్యాయంగానే తోచింది. పల్లెటూళ్లో అలాంటి మాట టీ చల్లారేలోపే చేరవలసిన ఇంటికి చేరుతుంది. ఆ సాయంత్రం గోడకి అటువైపు రోటి చప్పుడు వినబడలేదు.

మిరపకాయలు కల్లాలకి చేరే రోజుల్లో, తప్పని పనిబడి గుంటూరు బయల్దేరాను. నల్లపాడు వచ్చేసరికి లైటు వెలిగింది. రైల్వే స్టేషన్ దగ్గర ఒక రేకుల షెడ్డు కనిపిస్తే అందులోకి పోనిచ్చాను. ఆ షెడ్డు నడిపేది నెరిసిన గడ్డం ఉన్న ఒక సాయిబు. అందరూ ఆయన్ని భాయ్ అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. ముందు నన్ను ప్రశ్నలడిగాడు.

"ఎప్పట్నుంచి వెలుగుతుంది?"

"ఆరు నెలల్నుంచి."

"అంతకుముందు నీళ్లు ఎవరు చూసేవోళ్లు?"

"ఎవరూ చూళ్లేదు భాయ్. ఆ అవసరమే రాలేదు."

ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "బండి ఇక్కడ వదిలి బస్సెక్కండి. అది బాగా చల్లారాలి. రేపు పొద్దున మీరొచ్చేదాకా తాళం తిప్పను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఇంజను కింద ఆయన ఒక అట్టముక్క పరిచి ఉంచాడు. దానిమీద అరచేతంత తడి. నన్ను వంగమని, చిన్న అద్దం ఒకటి లోపలికి పెట్టి టార్చి వేసి చూపించాడు. నీళ్లని ఇంజనులో తిప్పే పంపు అడుగున ఒక చుక్క వేలాడుతూ ఉంది.

"వాటర్ పంపండి. చల్లగా ఉన్నప్పుడే కారుద్ది. వేడెక్కితే ఆ సందు మూసుకుపోద్ది. మీరు ఏ షెడ్డుకెళ్లినా వేడి బండితోనే వెళ్లుంటారు. ఇంక వాళ్లకేం కనపడుద్ది?"

హమ్మయ్య అనుకుని లేవబోయాను. ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు.

"ఇంకోటి చూడండి. ఈ తుప్పు చార ఉందే, గోరుతో గీకినా రాటంలా. ఇది మూడు నాలుగేళ్లుగా కారినదండి. దీని మీద తెల్లగా పొర కట్టింది చూశారా, అది ఉప్పు. మీరు బోరు నీళ్లు పోశారు గదా, అది ఈ ఆరు నెలలది. అంతకుముందు ఎవరో మంచినీళ్లు పోశారు. రోజుకొక గ్లాసుడు తగ్గుద్ది, రోజూ ఎవరో నింపారు. వాళ్లు మానేసినప్పట్నుంచి మీకు లైటు."

పంపు మార్చేదాకా ఆ షెడ్డు బయట రాయి మీద కూర్చున్నాను. తిరుగుదారిలో లైటు వెలగలేదు. ఇన్నేళ్లూ నడిపింది నేను, నిలబెట్టింది ఇంకొకరు. అన్నయ్యే అయి ఉంటాడనుకున్నాను. పొద్దున్నే లేచి పొలం పోయే మనిషి, ఎవరికీ ఏదీ చెప్పుకునే అలవాటు లేని మనిషి. ఆయన్ని నేనేమన్నానో తలుచుకుంటూనే ఊరిదాకా నడిపాను.

నేరుగా కల్లానికే వెళ్లాను. ఎర్రగా పరిచిన కాయల మధ్య గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాడు అన్నయ్య. ఆరు నెలల తర్వాత నా గొంతులోంచి ఆయనకు మొదటి మాట.

"కార్లో నీళ్లు నువ్వు పోసేవాడివా అన్నయ్యా?"

ఆయన తలెత్తలేదు. "నాకు దాని మూతెక్కడుందో కూడా తెలవదు. మీ వదిన పోసేది."

"ఎప్పుడు?"

"తెల్లారగట్ట. నువ్వు నిద్రలో ఉంటివి. బిందె తోమేముందు."

మా ఊళ్లో తాగే నీళ్లు ఊరి బయట చెరువు నుంచి మోసుకురావాలి. బోరు నీళ్లు నోట పెట్టలేం. పొద్దున్నే నిన్నటి మంచినీళ్లు వంచేసి, బిందె తోమి, కొత్త నీళ్లు తెచ్చుకుంటారు ఆడవాళ్లు. బానెట్ తెరిచే మీట కారు లోపలుంటుంది, కానీ మా ఊళ్లో కార్లకి తాళం వేసే అలవాటు లేదు. ఆ వంచేసే నీళ్లే వదిన రోజూ కారుకు పోసింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. కారు కొన్నరోజు డాక్టరు గారి డ్రైవరు దాన్ని మా వాకిట్లో దింపి, బానెట్ ఎత్తి మూత తీసి చూపించి, రోజూ నీళ్లు చూసుకోవాలని, మంచినీళ్లే పొయ్యాలని రెండుసార్లు చెప్పాడు. నేను తాళంచెవి తిప్పుకుంటూ సరే సరే అన్నాను. వదిన గడపలో నిలబడి విన్నది.

వీధి చుట్టూ తిరిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. వదిన అరుగు మీద కూర్చుని పచ్చడికి పండుమిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది. నన్ను చూసి చాప కొంచెం ఇటు జరిపింది.

"కారుకు నీళ్లు నువ్వు పోసేదానివట గదా వదినా."

"పోసేదాన్ని. ఎటూ పారబోసేవేగా."

"ఒక్కసారైనా నాకు చెప్పలేదేం?"

"చెప్పేదేముంది? నువ్వు ఎక్కడెక్కడికో పోతుంటివి. క్షేమంగా తిరిగి రావాలి గదా."

అక్కడే నేల మీద కూలబడ్డాను. "టీ కొట్టు దగ్గర నిన్ను అనరాని మాట అన్నాను. తప్పయిపోయింది" అన్నాను.

ఆవిడ చేతిలో కాయ తొడిమ తీసి, చేటలో వేసి, గంపలోంచి ఇంకోటి తీసుకుంది.

"నువ్వన్నందుకు కాదు అబ్బాయ్. కోపంలో ఎవరైనా అంటారు. ఆ మాట మోసుకొచ్చి నాకు చెప్పినప్పుడు, మావాడు అట్టా అనడు అని నా నోట రాలేదు. అనుంటాడులే అనుకున్నా. పాతికేళ్లు పెంచా, నాకే నీమీద అంత నమ్మకం లేకపోయింది. అదీ నా బాధ."

తిడుతుందని వెళ్లాను. తిట్టుంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి. ఆవిడ తప్పంతా తన మీదే వేసుకుంది. గంపలోంచి గుప్పెడు కాయలు తీసుకుని నేనూ తొడిమలు తీశాను. గంప ఖాళీ అయ్యాక లేచాను. మళ్లీ రమ్మని ఆవిడ అనలేదు, వస్తానని నేనూ అనలేకపోయాను.