మామా, పూల్ వచ్చింది

ఆ రోజుల్లో పెళ్ళికాని మగవాడు కనిపిస్తే మా మొఘల్‌పురా గల్లీకి నిద్ర పట్టేది కాదు. కిరాయికి గది అడిగితే ఫ్యామిలీ ఉందా అనేవాళ్ళు, కొత్త చొక్కా తొడిగితే ఎవరి కోసం అనేవాళ్ళు, జ్వరమొచ్చి పడుకుంటే మందు సంగతి వదిలేసి సంబంధం చెప్పేవాళ్ళు. అలాంటి గల్లీలో, సర్కారు కార్ఖానాలో ఫిట్టర్ ఉద్యోగం ఉండి కూడా, నేను పెళ్ళి చేసుకోనని చెప్పి కాలర్ ఎగరేసుకుని తిరిగేవాడిని. ఎంత ధైర్యమో మీరే ఊహించుకోండి. (ధైర్యమని నేనంటున్నాను. మా బాపు దానికి వాడిన మాట అచ్చు వేయడానికి పనికిరాదు.)

నాకు ఆ ధైర్యం నూరిపోసినవాడు మా మేనమామ. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, కరెంటాఫీసులో లైన్‌మన్. పురానాపూల్ దర్వాజా పక్కన ఒక్క గదిలో ఒక్కడే ఉండేవాడు. ఆ గదిలో ఒక మంచం, ఒక పళ్ళెం, ఒక గ్లాసు, ఒక రేడియో. ఇంకో గ్లాసు కొంటే ఇంకో మనిషి వస్తాడని ఆయన భయం. ఆదివారం పొద్దున్నే తనే మాంసం తెచ్చి, తనే వండి, తనే తిని, "నవాబ్ సాబ్, ఎట్లుంది?" అని తననే అడిగి, "మస్తుంది" అని తనే జవాబు చెప్పుకునేవాడు. అందుకే అందరికీ ఆయన నవాబు మామ. మా ఇద్దరికీ ఒకటే కోరిక, సముద్రం చూడాలని. గోవా దాకా స్కూటర్ మీద పోదామనేవాడు. "నీ బండి మీద నువ్వు, నా బండి మీద నేను అల్లుడా. ఒకని లొల్లి ఒకనికొద్దు" అనేవాడు. ఇద్దరం కలిసి వెళ్ళినా ఎవరి ఒంటరి ప్రయాణం వారిదే అన్నమాట.

ఆ ఏడు దసరా సెలవులకు ముందు మామ పోయాడు. నిద్రలోనే పోయాడు. దర్వాజా దగ్గరి హోటల్ భాయ్, మామ పొద్దుటి చాయ్‌కి రాలేదని వెళ్ళి తలుపు తట్టి, పలక్కపోతే మా ఇంటికి మనిషిని పంపాడు. తలుపు విరగ్గొట్టింది నేనే. లోపల రేడియో ఇంకా గుర్రుమంటూనే ఉంది. దాన్ని ఆపడానికి చెయ్యి రాలేదు నాకు. పురానాపూల్ శ్మశానంలో కొరివి కూడా నేనే పెట్టాను, కొడుకు లేడు కాబట్టి. వచ్చిన చుట్టాలందరూ "ఒక్కడే ఉంటే గిట్లనే అయితది" అన్నారు, చచ్చిపోయినవాణ్ణి వదిలేసి నా వైపు చూస్తూ. నాకు కోపమొచ్చింది. దాని వెనక భయం కూడా వేసింది. ఆ భయాన్ని తొక్కేయడానికే, ముందే మంజూరైన సెలవును రద్దు చేసుకోకుండా, గోవాకు ఒక్కడినే పోతానని ఇంట్లో ప్రకటించాను.

బాపు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మీసం దువ్వుకుంటూ, "కర్నూల్ రోడ్డు మీదనే పోతవ్ గదా. మీ మామను బీచుపల్లి కాడ కృష్ణల కలిపి పో" అన్నాడు, దారిలో ఎవరింట్లోనో కందిపప్పు సంచి ఇచ్చి పొమ్మన్నంత మామూలుగా. అస్థికల ముంత శ్మశానంలో వేపకొమ్మకు వేలాడుతూ ఉంది. దాన్ని ఇంట్లోకి తేకూడదు, దారిలో నేల మీద పెట్టకూడదు. ఇవి నాకు తెలిసినవే. తెలియనిది అమ్మ చెప్పింది. వాళ్ళ పుట్టింట్లో ఒక ఆచారం ఉందట. పోయినవాళ్ళు నీళ్ళు దాటడానికి జంకుతారట. అందుకని పూల్, అంటే వంతెన, వచ్చినప్పుడల్లా పేరు పెట్టో వరుస పెట్టో పిలవాలి, తినేచోట వాళ్ళకూ ఒక వంతు పెట్టాలి. "పిలువకుంటే ఆడనే నిలబడతడు బిడ్డా. నీ కోసం సూసుకుంట నిలబడతడు" అంది అమ్మ. చెబుతూ చెబుతూ ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు ఆవిడ.

ఇక నా స్వేచ్ఛా విహారం చూడండి. పొద్దున్నే శ్మశానానికి వెళ్ళి, కొమ్మ మీంచి ముంత దించి, తెల్లగుడ్డతో మెడకు కట్టుకున్నాను. నా స్కూటర్‌ను పక్కకు వంచి లేపితే తప్ప స్టార్ట్ కాదు. మెడలో మామ వేలాడుతుంటే బండిని ఎలా వంచడం? కొంచెం వంచి కిక్ కొట్టాను, ముంత గుండెకు తగిలింది. ఇంకొంచెం వంచాను, మామ నా గడ్డం కిందికి వచ్చాడు. కాటికాపరి చూసి చూసి, "నేను పట్టుకుంట, నువ్వు కొట్టు" అని ముంతను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చివరికి ఇంజను దగ్గింది, తర్వాత అరిచింది. అది మళ్ళీ ఆగిపోతే నా బతుకేమిటని, ముంతను మెడలో వేసుకుని ఒక్క ఊపున పురానాపూల్ ఎక్కాను. కింద మూసీ, ముఖం మీద గాలి, జేబులో సెలవు, ఇంటికి రమ్మని అడిగే మనిషి లేడు. ఈల వేశాను. కిషన్‌బాగ్ దాటి కర్నూల్ రోడ్డు ఎక్కేదాకా ఈల ఆపలేదు.

జడ్చర్ల వాగు మీద మొదటిసారి, "మామా, పూల్ వచ్చింది, దా" అన్నాను సిగ్గుపడుతూ. పక్కన గడ్డిబండి మీద వెళ్తున్న ముసలాయన ఎద్దుల్ని ఆపి నా వైపు చూశాడు. తర్వాత సిగ్గు పోయింది. చిన్న కల్వర్టులకు కూడా పిలిచాను, మనకేం పోయిందని. ఒక హోటల్ ముందు ముంతను చింతకొమ్మకు తగిలించి రెండు చాయ్‌లు, రెండు ప్లేట్ల మిర్చీలు చెప్పాను. రెండోది ఎవరికని హోటలాయన అడిగాడు. మా మామకన్నాను. ఎక్కడున్నాడని అడిగితే, మిర్చీ నములుతూ, "చెట్టుకు ఏలాడుతుండు" అన్నాను. లోపలున్న నలుగురూ తినడం మానేసి బయటికి పరుగెత్తారు. (ముంతను చూసి తిరిగొచ్చారు. కానీ హోటలాయన ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.) అసలు చెబితే, నాకు అక్కడ బాగుంది. ఇద్దరి చాయ్ నేనే తాగాను, ఇద్దరి మిర్చీలూ నేనే తిన్నాను. మామ బతికున్నా నా పళ్ళెంలో చెయ్యి పెట్టేవాడు కాదు, నన్ను తన పళ్ళెంలో పెట్టనిచ్చేవాడూ కాదు.

బీచుపల్లిలో కృష్ణ నిండుగా పారుతోంది. స్నానం చేసి, నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, ముంత గుడ్డ ముడి విప్పబోయాను. పంతులు గట్టు మీంచి, మీ వాళ్ళ పద్ధతి ఏమైనా ఉంటే ముందు కానివ్వమన్నాడు. అమ్మ చెప్పిన పద్ధతంతా చేశానా లేదా అని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. జడ్చర్ల వాగు, పిలిచాను. ఆ తర్వాతి వాగు, పిలిచాను. కల్వర్టులు, అన్నీ పిలిచాను. మరి మొదటిది? పురానాపూల్ మీద ఏమన్నాను? ఏమీ అనలేదు. ఈల వేశాను.

అంత చల్లటి నీళ్ళలో నాకు చెమట పట్టింది. ఇదంతా ఉత్త నమ్మకమని నాకు నేను చెప్పుకున్నాను. మామ ఉంటే పడీ పడీ నవ్వేవాడని కూడా చెప్పుకున్నాను. కలిపేసి ముందుకు పోతే గోవా, వెనక్కి పోతే సెలవంతా రోడ్డు మీదే. అమ్మకు అన్ని చోట్లా పిలిచానని చెబితే సరిపోతుంది. అడిగేవాడెవడు? కానీ కళ్ళు మూసుకుంటే ఆయన కనిపిస్తున్నాడు, లుంగీ పైకి మడిచి, దర్వాజా అవతల పూల్ మొదట్లో, నేను పోయిన దారి వంక చూస్తూ. జీవితమంతా ఎవరికోసమూ ఎదురుచూడని మనిషి, నా కోసం అలా నిలబడి ఉన్నాడన్న ఊహను తట్టుకోలేకపోయాను. ముడి మళ్ళీ బిగించాను. పంతులు నోరు తెరిచేలోపు గట్టెక్కాను.

ఆ రాత్రి దారిలో ఒక సత్రం చూరుకు ముంతను తగిలించి, వరండాలో పడుకుని, మర్నాడు పొద్దెక్కాక పురానాపూల్ చేరాను. బండి ఆపి, శ్మశానం వైపు తిరిగి, "మామా, పూల్ వచ్చింది, దా" అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే నాకే వినబడలేదు. మళ్ళీ అరిచాను. సైకిళ్ళవాళ్ళు ఆగారు. ఆ అరుపు విని హోటల్ భాయ్ గల్లా వదిలి వచ్చాడు. సంగతంతా విన్నాడు. నవ్వుతాడనుకున్నాను.

"వచ్చిండా?" అని అడిగాడు.

"వచ్చిండనుకుంట భాయ్."

"అయితే చాయ్ తాగి పొమ్మను. ఇన్ని దినాలసంది ఆయన కుర్సీల ఎవర్ని కూసోనియ్యలే."

మామ కుర్చీ వెనక మేకుకు ముంత తగిలించాడు. రెండు చాయ్‌లు సాసర్లలో పోసి తనే పట్టుకొచ్చాడు. ఆ రెండో చాయ్ ఈసారి నేను తాగలేదు. తలుపు విరగ్గొట్టిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఒంటరివాడు చచ్చాడని చుట్టాలంతా చెప్పుకున్న మనిషికి, ఖాళీగా ఉంచిన కుర్చీ ఒకటుందని నాకప్పటిదాకా తెలియదు.

మళ్ళీ బయల్దేరాను. దారిలో ఆ మిర్చీల హోటలాయన నన్నూ ముంతనూ చూసి, ఏమీ అడక్కుండానే రెండు చాయ్‌లు పంపాడు. బీచుపల్లిలో మామను కృష్ణలో కలిపాను, వెనక్కి తిరిగి చూడకుండా గట్టెక్కాను. మిగిలిన సెలవు గోవాకు చాలదు, ఇంటికి రావడానికి మాత్రం దివ్యంగా సరిపోతుంది. మెడ తేలికగా ఉంది. నేను కోరుకున్న ఒంటరి ప్రయాణం అప్పటికి మొదలైంది. జడ్చర్ల వాగు రాగానే అలవాటుకొద్దీ "మామా" అని నోరు తెరిచి మూసుకున్నాను. ఆ వాగు నుంచి మా గల్లీ దాకా ఈల రాలేదు.

ఆ తర్వాత నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి విచారమూ లేదు. ఆదివారం మాంసం వండుకుంటాను, బాగుందో లేదో నన్నే అడుగుతాను, ఒక్కోసారి ఉప్పెక్కువైందని నిజం కూడా చెబుతాను. సముద్రం ఎప్పుడో రైల్లో వెళ్ళి చూశాను. నీళ్ళే. పూల్ దాటినప్పుడల్లా మాత్రం పెదవులు కదులుతాయి, పక్క సీటువాళ్ళు జరిగి కూర్చుంటారు. మొన్న మా చెల్లెలి కొడుకుతో నా వంతు వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పాను. వాడు ఫోన్‌లోంచి తలెత్తి, "ఫికర్ చెయ్యకు మామా, పూల్ మీద కార్ అద్దం దించి పిలుస్త" అన్నాడు.

"అద్దం దించితే సాలదురా, కార్ ఆపి, దిగి, గట్టిగ పిలువు" అన్నాను. "నాకు ఇప్పటికే కుడి చెవు వినబడుతలేదు."