తగ్గిన గాంధారం

పొద్దున లేచి కాఫీ గ్లాసు పట్టుకోగానే నేను చేసే మొదటి పని ఫోన్లో పాత వీణల అమ్మకాలు చూడడం. దేవుడి దీపం కూడా దాని తరవాతే. పాపమే, ఏం చెయ్యను! పాత వీణలు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసి నడిపే గ్రూపులు నా ఫోన్లో నాలుగున్నాయి. సంబంధాలు చూసే తల్లిలా ఒక్కో ఫొటో పెద్దది చేసి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తాను.

అన్నిటికీ ఒకటే పాట. "ఏకాండి వీణ. పనస. పగుళ్ళు లేవు. కొత్త మేళం, కొత్త పాలిష్." ఏకాండి అంటే అతుకు లేకుండా ఒకే పనస మానుని తొలిచి చేసింది. మా బొబ్బిలి వైపు వాళ్ళ చేతిపని అది. నెలల తరబడి చెక్కుతారు. ఏళ్ళు గడిచి కర్ర బాగా ఎండేకొద్దీ నాదం పెరుగుతుంది, దాంతోపాటు ధరా పెరుగుతుంది. కొత్త వీణకంటే మంచి పాత వీణకే గిరాకీ. అమ్మేవాళ్ళ కబుర్లకైతే అంతే లేదు. ప్రతి వీణా ఎవరో జమీందారు కొలువులో మోగిందేనట. అన్ని వీణలుంటే ఆ జమీందార్లు కూచోడానికి చోటెక్కడుండేదో!

నాకు కావలసింది ఒక్కటే వీణ. యాళికి ఎడమచెవి కొస విరిగి ఉండాలి. యాళి అంటే వీణ చివర వంగి చూస్తూ ఉండే సింహం మొహం. ఆ చెవి విరగ్గొట్టింది నేనే, ఏడేళ్ళప్పుడు, గడపకి కొట్టి. నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ వారం రోజులు, నేను వింటున్నప్పుడల్లా, "ఏమే చెవిటిదానా, ఇవాళ శ్రుతి వినబడుతోందా?" అని ఆ యాళిని పలకరించేవారు. నాకు ఏడుపొచ్చేది.

నాన్న విజయనగరంలో వీణ మేష్టారు. పొద్దున గుడిలో వాయించి, సాయంత్రం ఇంట్లో పాఠాలు చెప్పేవారు. మా ఇంట్లో వాయించే పని నాన్నదీ, తరవాత నాదీ. పాడే పని అమ్మది. ఎవరూ అలా పంచిపెట్టలేదు, అలా జరిగిపోయిందంతే. ఇప్పటికీ నేను పిల్లలకి మీటి చూపిస్తాను గానీ నోరు విప్పి పాడను.

నేను పుట్టకముందే నాన్న ఆ వీణ చేయించారు. వీణ మెట్లని మేకులు కొట్టి బిగించరు. మైనంలో బొగ్గుపొడి కలిపి, వెచ్చచేసి, దాని మీద ఒక్కో మెట్టునీ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ స్వరం పలికే చోట కూచోబెడతారు. మేళం కట్టడం అంటారు దాన్ని. అది చేసే మేస్త్రీ తన చెవిని నమ్ముకుని చేస్తాడు. నాన్న మాత్రం అమ్మని ఎదురుగా కూచోబెట్టి, "నువ్వు పాడు. నీ గొంతు ఎక్కడుంటే అక్కడ మెట్టు పెడతాడు" అన్నారట. అమ్మకి సిగ్గు. "శ్రుతిపెట్టె ఉండగా నేనెందుకండీ?" అందట. "ఇంట్లో పొద్దస్తమానం పాడేది శ్రుతిపెట్టె కాదు కదా, నువ్వు కదా. వీణే నీ వెనకాల నడవనీ" అన్నారట నాన్న.

అమ్మ పాడింది, మేస్త్రీ పెట్టాడు. అంతా బాగానే ఉంది గానీ అమ్మ గాంధారం ఎప్పుడూ రవ్వంత తగ్గుతుంది. మా వీధిలో సంగీతం తెలిసిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి తెలుసు, ఒక్కరూ పైకనలేదు. అలా ఆ వీణ నాలుగో మెట్టు కూడా రవ్వంత తగ్గింది. తగ్గినట్టే ఉంచేశారు నాన్న.

నాకు మాత్రం అది పంటి కింద రాయి. కచేరీలు మొదలుపెట్టాక ఆ మెట్టు దగ్గరికొచ్చినప్పుడల్లా తీగని కాస్త పక్కకి లాగి సరిచేసుకునేదాన్ని. నాన్న పోయాక, నా ఇరవై తొమ్మిదో ఏట, లోపల మైకు బిగించిన కొత్త వీణ మీద మనసు పడింది. పాతది అమ్మేద్దామనుకున్నాను. బేరానికొచ్చిన దళారీ జేబులోంచి శ్రుతి చూసే మిషను తీసి, ఒక్కో మెట్టూ మీటి చూసి పెదవి విరిచాడు.

"నాలుగో మెట్టు తగ్గిపోనాదండి. మేళం తీయించీసి కొత్తది కట్టిస్తే మంచి రేటొస్తాది."

"అలాగే కట్టించండి" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించలేదు. వీణని ఇంట్లోంచే మేస్త్రీ దగ్గరికి పంపి, అట్నుంచటే కొన్నవాళ్ళకి చేర్చేలా మాట్లాడేసుకున్నాం. ఆటోలోకి ఎక్కిస్తుంటే అమ్మ వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఏటే, మేళం కూడా తీయించేస్తున్నావా?"

"ఆ గాంధారం తగ్గిందమ్మా. అలా అమ్మితే నా పరువు పోదూ?"

"అలాగా" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి అమ్మ పాడలేదు. నేనది గమనించేసరికి నెల పట్టింది. సంగీతం టీచర్నట, సిగ్గులేకపోతే సరి! అడిగితే "గొంతు బాగోలేదే" అంది. ఆ తరవాత ఇరవయ్యేళ్ళు బతికింది. పప్పు తాలింపు వేస్తూ కూడా ఒక్క కూనిరాగం తీయలేదు. బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నాను, మనవల చేత అడిగించాను. ఫోను ఎదురుగా పెడితే నవ్వి, పైటకొంగు నోటికడ్డం పెట్టుకునేది. మూడేళ్ళ కిందట వెళ్ళిపోయింది. అమ్మ ఫొటోలు వందలున్నాయి నా దగ్గర. గొంతు ఒక్కటీ లేదు.

అందుకే ఈ వెతుకులాట. ఆ మేళం నేనే తీయించేశానని తెలీక కాదు. కానీ తీసిన తరవాత ఆ వీణని నేను కళ్ళతో చూడలేదు, చేత్తో మీటలేదు. మేస్త్రీ బద్ధకించి ఆ ఒక్క మెట్టూ వదిలేసి ఉండొచ్చు కదా? ఉండకూడదా? మనిషికి ఆశ ఎంత చెడ్డదో నాకిప్పుడు బాగా తెలుసు.

ఈ వేసవిలో ఒక పొద్దున ఫొటో కనబడింది. ఎడమచెవి కొస లేని యాళి. కాఫీ చీరమీద పడింది. నరసన్నపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే షావుకారుగారిది. భార్యకోసం కొన్నారట, ఆవిడ మోకాళ్ళు నేలమీద కూచోనివ్వడం లేదు, అమ్మేద్దామనుకుంటున్నారట. మధ్యాహ్నం బస్సుకే వెళ్ళాను.

కొట్టు వెనక గదిలో గుడ్డ తీసి చూపించారు. నేను ముందు ఆ విరిగిన చెవి మీద వేలు పెట్టాను. షావుకారుగారు మంచి మనిషి. నేను అడక్కముందే చెప్పేశారు.

"సూడండమ్మా, దాసడం నాకు సేతకాదు. ఒక మెట్టు సరిగ్గా పలకదు. నాలుగోదో అయిదోదో. అందుకే రేటు తగ్గించి పెట్టినాను."

నాలుగోదో! అక్కడే, గిన్నెల మధ్య చాప వేయించుకుని కూచున్నాను. తీగలు సవరించి, షడ్జం సరిచూసుకుని, ఒకటో మెట్టు, రెండు, మూడు మీటాను. నాలుగో మెట్టు మీద వేలు పెట్టడానికి భయమేసింది. కళ్ళు మూసుకుని మీటాను.

గాంధారం. చక్కగా, నిటారుగా, లవలేశం తప్పులేని గాంధారం. అయిదో మెట్టు కింద మైనం వదిలి గరగరమంది. తప్పు పలుకుతున్నది అదీ.

కళ్ళు తెరిస్తే చుట్టూ స్టీలు గిన్నెలు, వాటన్నిట్లోనూ ఏడుస్తున్న నేనే. షావుకారుగారు కంగారుపడిపోయారు. "ఏటమ్మా ఇది! మైనం వదిలిందంతే, ఒక పూట పని. కావాలంటే ఇంకో ఐదువేలు తగ్గిస్తాను, ఏడవకండి." నేను బేరమే ఆడలేదని తరవాత ఆయన నొచ్చుకున్నారు కూడా. వాళ్ళావిడ మాత్రం మంచినీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఇది మీదే కదండీ?" అంది మెల్లగా. తల ఊపాను.

అమ్మ గొంతు లేని వీణని ఎందుకు కొన్నానంటే చెప్పలేను. అక్కడ వదిలి రాలేకపోయాను.

బొబ్బిలి వైపు, ఆనాడు మేళం మార్చిన మేస్త్రీ దగ్గరికే తీసుకెళ్ళాను. జుట్టు ముగ్గుబుట్టయింది గానీ యాళి చెవి చూడగానే వీణని గుర్తుపట్టాడు. "ఒక మెట్టుకోసమైతే మేళమంతా ఎందుకండి?" అన్నాడు. "అంతా తీసెయ్యి. కొత్తగా కట్టు" అన్నాను. మైనం వెచ్చచేసుకుని, శ్రుతి చూసుకోడానికి ఫోను బయటికి తీశాడు. ఇప్పుడు అందరిదీ ఫోనే.

ఎందుకన్నానో తెలీదు. "అది పక్కన పెట్టు మేస్త్రీ. నేను పాడతాను" అన్నాను.

యాభై రెండేళ్ళ గొంతు, వాడకం లేక తుప్పుపట్టింది. సరిగ్గా అమ్మ కూచున్నట్టే ఎదురుగా కూచుని షడ్జం పట్టాను. రిషభం పాడాను. మెట్లు ఒక్కోటీ జరిపాడు. గాంధారం పాడాను. అతను మెట్టు జరిపి, మీటి, ఆగాడు. ఫోను వైపు ఓరగా చూశాడు. ఇబ్బందిగా నవ్వాడు.

"అమ్మా, ఏటనుకోకండి. గాంధారం తగ్గతంది."

మళ్ళీ పాడాను. మళ్ళీ అంతే తగ్గింది. ఈసారి నాకూ వినబడింది. అది నా గొంతు కాదు. తాలింపు చిటపటల మధ్యలోంచి వంటింట్లో నుంచి వచ్చే గొంతు. ఇన్నేళ్ళూ ఫోన్లలో, ఊళ్ళలో, ఎవరెవరి గదుల్లోనో వెతుక్కున్న గొంతు.

"అక్కడే ఉంచు మేస్త్రీ."

"రేపు అమ్మితే రేటు రాదమ్మా. ఆ రోజుల్లో ఈ మెట్టు తగ్గిందనే కదా మీరు మేళం తీయించీసినారు?"

"అవును. అప్పుడు నా చెవి మరీ బాగుండేది."

అతను ఆ మెట్టుని అక్కడే, ఆ తగ్గిన చోటే ఒత్తి, పక్కల మైనం సవరించాడు. గట్టిపడేదాకా ముట్టుకోవద్దని నాకు నాలుగుసార్లు చెప్పి, చేతులు కడుక్కోడానికి నూతి దగ్గరికి వెళ్ళాడు.

నేను ఆగలేదు.