మొలతాడుకు కట్టిన తాళంచెవి

పై గది కిరాయికి ఉందని బోర్డు పెట్టిన మూడో రోజే సుచరిత వచ్చింది. ముప్పయ్యయిదేళ్లు ఉంటాయేమో, భుజాన ఒక గుడ్డ సంచి. చదువు అయిపోయి ఇంట్లో కూర్చున్న పిల్లలకు నలుగురిలో ఎలా మాట్లాడాలో, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో ఉచితంగా నేర్పుతానంది. గోడకు మేకులు కొట్టొద్దన్నాను, సరే అంది. ఆరింటికల్లా తాళం వేయాలన్నాను, సరే అంది. చెప్పులు కిందే విడవాలన్నాను, దానికీ సరే అంది. పెట్టిన ప్రతి షరతుకూ తలూపే మనిషిని మా రామన్నపేటలో నేనింతవరకు చూడలేదు. నా మొదటి అనుమానం అదే.

నా పేరు పరమేశ్వర్. నలభై ఏళ్లుగా మగ్గం నేస్తున్నాను. అనుమానం పెనుభూతమని నా భార్య ఆండాళు రోజుకోసారి గుర్తు చేస్తుంది. ఆమెకేం, చెప్తుంది. కరోనా తగ్గిన ఏడాది ఇలాగే ఒక ఆఫీసు తెరిచారు. ఉద్యోగాలిప్పిస్తామని మా అన్న కొడుకు సాయి దగ్గర ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని, బోర్డుతో సహా మాయమయ్యారు. వాడు డూప్లికేట్ల కోసం ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అది చూశాకే మా అమ్మాయి ఉష కాగితాలన్నీ ఇనుప పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

పైన క్లాసు జరుగుతుంటే నేను కింద మగ్గం గుంటలో కూర్చుని వినేవాణ్ని. చప్పట్లు, నవ్వులు. ‘కండ్లల్లకు సూసి మాట్లాడుండ్రి’ అని ఆమె గొంతు. వయసొచ్చిన పిల్లలకు కళ్లలోకి చూడటం నేర్పే బడి ఎక్కడన్నా ఉందా? ఒళ్లు మండింది.

వారం తిరక్కుండానే ఉష కూడా మెట్లెక్కింది. దానికి కారణం లేకపోలేదు. అంతకుముందు చౌటుప్పల్లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లింది. నీ గురించి చెప్పమంటే, “ఇంటర్ల ఒక సబ్జెక్టు తప్పిన సార్, ఇంగ్లిష్ జర కష్టమైతది” అని మొదలుపెట్టిందట. అక్కడితోనే పంపించేశారు. ఆ మాట విని నేను గర్వపడ్డాను. మా ఇంటి పద్ధతి అది. చీర అమ్మేటప్పుడు మడత విప్పి, పోగు తెగి అతికిన మచ్చనే ముందు చూపిస్తాం. కొనేవాడు తనంతట తాను పట్టుకుంటే మొత్తం నేతనే అనుమానిస్తాడు.

ఈ సంగతి ఉష సుచరితకు చెప్పిందట. ఆమె ఏమన్నదో ఉషే వచ్చి చెప్పింది. “మచ్చ దాచొద్దు గని, చీర మొత్తం సూపెట్టినంకనే మచ్చ సూపెట్టాలె అన్నది బాపూ.”

అబద్ధాలు నేర్పుతోందని నాకు రూఢి అయిపోయింది. ఆమె పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుందామని బస్టాండు దగ్గర చాయ్ అమ్మే గాలయ్యను అడిగాను. వాడి దగ్గర ఊరందరి చిట్టా ఉంటుంది. సుచరితది అమ్రాబాద్ వైపు పల్లె, తండ్రి బుచ్చయ్యది వాన మీద ఆధారపడిన సేద్యం. పాలమూరులో డిగ్రీ చేసింది. హైదరాబాద్‌లో తొమ్మిది ఇంటర్వ్యూల్లో నోరు పెగలక తిరిగొచ్చింది, పదో దాంట్లో గెలిచి ఆరేళ్లు పనిచేసింది. తనలాంటి పిల్లల కోసమని ఇప్పుడు ఒక సేవాసంస్థలో చేరి ఊరూరా తిరుగుతోందట. ఇంత మంచి కథ నిజమై ఉండదనుకుని చాయ్ సగంలో వదిలి వచ్చేశాను.

నెల తిరిగేసరికి నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖాన నుంచి ఉషకు పిలుపొచ్చింది. రిసెప్షన్ ఉద్యోగం. ఒరిజినల్స్ తెచ్చుకోమన్నారు.

“సర్టిఫికెట్లియ్యి బాపూ.”

“ఒరిజినల్స్ తెమ్మని నీకెవరు చెప్పిండ్రు? ఎందుకు చెప్పిండ్రు?”

ఉష లోపలికి వెళ్లి అన్నం తినకుండా పడుకుంది.

మర్నాడు పొద్దున సుచరిత కిందికి దిగి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేనూ సిద్ధమయ్యాను.

“కాకా, జర సాయం కావాలె. రేపు ఉష ఇంటర్వ్యూ గద. ఇయ్యాల మాకాడ ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెడుతున్నం. ప్రశ్నలడిగెటోళ్లు కావాలె. ఏం చెప్పినా నమ్మనోళ్లయితేనే పిల్లలకు అలవాటైతది.”

“గసొంటి మనిషి ఊరు మొత్తం ఎతికినా ఇంకోడు దొర్కడు,” అంది ఆండాళు పొయ్యి దగ్గర నుంచి.

లోపలేం జరుగుతోందో కళ్లారా చూడొచ్చని ఒప్పుకున్నాను. పది మంది పిల్లలు గోడ వారగా కూర్చున్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఉష వచ్చి ఎదురుగా కూర్చుంది. తలెత్తి నా కళ్లలోకి చూసింది. అది నన్నలా చూడటం నాకు గుర్తు లేదు.

“నీ గురించి చెప్పు,” అన్నాను బింకంగా.

“నా పేరు ఉష సార్. బీకాం చేసిన. పదేండ్ల సంది మా బాపుకు మగ్గం మీదికి నూలు కండెలు చుట్టిస్తున్న. సన్న పోగు తెగినా చెయ్యికి తెలుస్తది. గంటలకొద్ది ఒక్క జాగల ఓపికతోని కూసుంట. దవాఖానకు బాధతోని వచ్చెటోళ్లకు గా ఓపిక అక్కరకొస్తది.”

“అన్నీ మంచియే చెప్తున్నవు. నీల లోపమే లేదా?”

“ఉన్నది సార్. కొత్తోళ్లతోని మాట్లాడాలంటే భయం. ఇంట్ల నేనేం చెప్పినా, నీకెవరు చెప్పిండ్రు, ఎందుకు చెప్పిండ్రు అని అడుగుతరు. అందుకే చెప్పుడే బంద్ చేసిన. గిప్పుడిప్పుడే మల్ల నేర్చుకుంటున్న.”

నాకు సిగ్గేసింది. చీరలో మచ్చ పడితే అది నేసినవాడి చేతి తప్పు. నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నవాడికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా?

“ఉద్యోగమిస్తరా కాకా?” అని సుచరిత మెల్లగా అడిగింది.

మొలతాడు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. తాళంచెవి ఉష చేతిలో పెట్టాను.

“ఏ బస్సుకు పోతవు?”

“పొద్దుగాల ఏడింటి దానికి బాపూ. ఒక్కదాన్నే పోత.”

ఒక్కదానివే పొమ్మని నీకెవరు చెప్పిండ్రు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“పెట్టె మూత బిగుసుకుంటది బిడ్డా,” అన్నాను. “జర పైకి లేపి తియ్యి.”