కుండలో ముంచిన పుల్ల

బాపు మూత్రపిండాలు పాడయ్యాక వారానికి రెండుసార్లు నల్లగొండ దవాఖానలో డయాలసిస్ చేయించేవాళ్లం. రోజుకు లీటరుకు మించి నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణానికే ముప్పని డాక్టరు హెచ్చరించాడు. నేను నందికొండలో ఆనకట్ట నీటిమట్టం నమోదు చేసే ఉద్యోగిని. వచ్చిన నీటికీ పోయిన నీటికీ పొంతన కుదరకపోతే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే.

ఇంట్లో పొంతన కుదరలేదు. లీటరు సీసా రోజూ నేనే నింపి ఇచ్చినా, రెండు డయాలసిస్‌ల మధ్య బాపు బరువు నాలుగు కిలోలు పెరిగేది. దొంగచాటుగా తాగుతున్నాడనుకున్నాను. డ్యూటీకి వెళ్లేముందూ వచ్చాకా కుండలో పుల్ల ముంచి తడిని కొలిచేవాణ్ని. నీళ్లు తగ్గినప్పుడల్లా “నేనే తాగిన” అని అమ్మ చెప్పినా నమ్మలేదు.

ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లోనే కాపుకాశాను. పదకొండింటికి అమ్మ పెద్ద గిలాస నిండా జొన్న అంబలి పోసి, నా ఎదుటే బాపు చేతికిచ్చింది.

“అమ్మా, గదేంది?”

“అంబలి. దినాం మూడుసార్లు తాగుతడు. నీళ్లు బందువెడితివి, పానంల బలమన్న ఉండొద్దా?”

మా ఇళ్లలో అంబలి అంటే తిండి. దాన్ని నీళ్ల లెక్కలో కలపాలని నాకూ తట్టలేదు. అందులో ఉన్నదంతా నీళ్లేనని చెప్పగానే బాపు గిలాస కింద పెట్టాడు.

“నీళ్లయితే ఒక్క గుక్క ఎక్వ తాగలే బిడ్డా. కుండల పుల్ల వెట్టి సూసేటోనివి, నన్నొక్కమాట అడగకపోతివి?”

మరునాటి నుంచి అంబలిని తగ్గించి, దాన్నీ ఆ లీటరు లెక్కలోనే కలిపాం. బరువు అదుపులోకి వచ్చింది. బాపు మాత్రం ఏది తాగబోయినా ముందు గిలాస ఎత్తి నాకు చూపించేవాడు.