సముద్రపుటొడ్డు వడ్డన

మా కింది వాటాలో మెస్సు నడిపే మంజుల మొగుడు రాజేశం టర్కీలో, సముద్రపు ఒడ్డున ఒక రిసార్టులో పదేళ్లు వెయిటరు. ఏటా ఎండలు ముదిరేముందు వెళ్లి, చలి మొదలయ్యాక వచ్చేవాడు. మళ్లీ పిలుపొచ్చింది. ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. వెళ్తాడో ఉంటాడో ఆయన తేల్చడు, మంజుల అడగదు. మధ్యలో నిద్ర పట్టనిది నాకు.

ఆ మనిషికి కుదురన్నది లేదు. పొద్దు వాలితే చాలు, కాలుగాలిన పిల్లిలా చిక్కడపల్లి చౌరస్తా నుంచి నారాయణగూడ ఫ్లైఓవరు దాకా తిరిగొస్తాడు.

"అదేం తిరుగుడయ్యా?" అని అడిగాను.

"ఈ యాళ్లకు ఆడ దీపాలు పెడ్తరు, వేదవతి గారూ. నీళ్ల పొంటి టేబుళ్లు, పాటలు. మంది మంచిగ తయారై అప్పుడప్పుడే వస్తుంటరు. ఈడ నాకు చేతులు ఊకుంటలేవు."

ఊరుకోని ఆ చేతులు మెస్సు మీద పడ్డాయి. మా అశోక్‌నగర్‌లో సర్కారు నౌకరీలకు చదివే పిల్లలు అన్నం తినరు, మింగుతారు. ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో ఫోను. అలాంటివాళ్లను కుర్చీ లాగి కూర్చోబెట్టి, ముందు చిన్న గిన్నెల్లో కాల్చిన వంకాయ పచ్చడి, వెల్లుల్లి వేసిన పెరుగు, మెదిపిన శనగలు తెచ్చి పెట్టాడు. అక్కడ అలాగే పెడతారట. తర్వాత ఆకలి నెమ్మదిగా రానివ్వాలని దూరంగా వెళ్లి నిలబడ్డాడు. భవ్య అనే పిల్ల అవన్నీ ఊడ్చేసి బిక్కమొహం వేసింది.

"అన్నా, అన్నం ఎప్పుడన్నా? టెస్టుంది."

"తొందరేం లేదమ్మా, కూసో."

"నీకు లేదన్నా, నాకుంది!"

నేను పకపకా నవ్వాను. మంజుల నవ్వలేదు. లోపల పొయ్యి పక్కన నిలబడి, గిన్నె అడుగున మిగిలిన అన్నం కలుపుకుని తింటోంది. రోజూ ఆవిడ భోజనం అంతే. ఎవరికేం కావాలో ఆమడ దూరం నుంచి కనిపెట్టే మహానుభావుడికి అది కనిపించలేదంటే నాకు ఒళ్లు మండింది. ఉండబట్టలేక అనేశాను.

"ఊరందరికీ వడ్డించావు, సరే. నీ పెళ్లాం కూర్చుని తినడం ఎప్పుడైనా చూశావా?"

అతని మొహం మాడిపోయింది.

ఆదివారం సాయంత్రం మెస్సుకి సెలవు. కరివేపాకు అడుగుదామని దిగినదాన్ని మెట్ల మీదే ఆగిపోయాను. వినకూడదని తెలుసు, అయినా విన్నాను. రాజేశం బల్ల తుడిచి, మంజులను కూర్చోబెట్టి, తనే వండిన పప్పు, కోడిగుడ్డు పులుసు వడ్డించాడు. వడ్డించి, అలవాటు ప్రకారం ఆవిడ కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ కంచం ముట్టుకోలేదు.

"పోయేటోనివని పెడ్తున్నవా, ఉండేటోనివని పెడ్తున్నవా?"

"నాకే తెలుస్తలేదు మంజులా. ఆడుంటే ఈడ యాదికొస్తది. ఈడుంటే ఆడ."

"పోతే పో, నేనేం ఆపుతలేను. గని ఇంటికొచ్చినా నువ్వు ఎన్కనే నిలబడ్తవు. ఒక్కపారన్న నా ఎదురుంగ కూసొని తిన్నవా?"

అంతలో ఫోను మోగింది. రాజేశం చూశాడు, ఎత్తాడు. టర్కీ భాషలో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు.

"ఏమన్నవ్?"

"రానన్న."

వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కుర్చీ అంచు మీద, పిలిస్తే పరిగెత్తేలా. నిమిషం కాలేదు, నెయ్యి తెస్తానని లేవబోయాడు. మంజుల అతని చెయ్యి పట్టుకుంది.

"నెయ్యి వద్దు. నేను తినేదాక లేవకు."

అప్పుడు ముద్ద కలిపింది. అంత నెమ్మదిగా తినే మనిషిని ఆ మెస్సులో నేను ఎన్నడూ చూడలేదు.