బయటి కక్ష్యలో ఏడు

భీమేశ్వరరావు రోజూ ఉదయం ఏడున్నరకు పద్నాలుగు బాత్‌రూమ్‌ల వాసన చూస్తాడు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఏడంతస్తుల సాఫ్ట్‌వేర్ భవనంలో అంతస్తుకు రెండు. తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, ఒకసారి గాలి పీల్చి, చేతిలోని కాగితం మీద టిక్కు పెడతాడు. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఆయన ఉద్యోగం అదే.

అంతకుముందు పదిహేడేళ్ళు అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాడు. కాలేజీ మూతపడింది. నలభై ఆరేళ్ళ వయసులో ప్రగతి నగర్‌లో గది అద్దెకు తీసుకుని, తొంభై ఎనిమిది చివర్లో ఈ పనిలో చేరాడు. దరఖాస్తులో చదువు అన్నచోట డిగ్రీ అని మాత్రం రాసి, పాత ఉద్యోగం సంగతి ఎత్తలేదు. ఆయన దగ్గర చదువుకున్న అవినాష్ ఇదే భవనంలో, మూడో అంతస్తులో ఇంజనీరు. లిఫ్టు దగ్గర అతను కనిపిస్తే ఈయన మెట్లెక్కుతాడు.

కాంట్రాక్టరు మేనేజరు సుబ్రహ్మణ్యం దృష్టిలో శుభ్రత అంటే వాసనే. "ముక్కు అదిరిపోవాలండీ. విదేశాల నుంచి క్లయింట్లు వస్తారు," అనేవాడు. భీమేశ్వరరావు ఆ మాటనే కిందికి చేరవేసేవాడు. మూడో అంతస్తు కడిగేది అంజమ్మ. నారాయణపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి మదీనాగూడలో కిరాయికుంటున్న మనిషి.

"అంజమ్మా, వాసన రావట్లేదు."

"గంతగనం రుద్దితి గద సారూ. ఇగ సెంటు గొట్టుమంటవా?"

వారం తిరక్కుండా మూడో అంతస్తులో ఘాటు పుట్టింది. సుబ్రహ్మణ్యం మెచ్చుకున్నాడు. ఎలా చేశావని భీమేశ్వరరావు అడిగితే అంజమ్మ దాచలేదు. "బ్లీచింగ్ జల్లి, దాని మీద యాసిడ్ పోస్తున్న సారూ. బుసబుస పొంగుతది. మురికి ఉండనే ఉండది."

ఆ ఘాటు పేరు ఆయనకు తెలుసు. క్లోరిన్. నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశాడో లెక్కలేదు. లోపలి కక్ష్యల్లో ఎలక్ట్రాన్లు రెండు, ఎనిమిది. బయటి కక్ష్యలో ఏడు. ఎనిమిది నిండిన మూలకం ఎవరి జోలికీ పోదు. ఒకటి తక్కువైనది ఊరుకోదు. "ఎనిమిది మంది పట్టే జీపులో ఏడుగురు కూర్చున్నార్రా," అనేవాడు క్లాసులో. "ఎనిమిదోవాడు ఎక్కేదాకా డ్రైవరు రోడ్డు మీద ఎవరినీ వదలడు." పిల్లలు నవ్వేవారు. సోడియం తన దగ్గర అదనంగా ఉన్న ఒక ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తే రెండూ కుదురుకుని వంటింటి ఉప్పవుతాయి. సోడియం దొరక్కపోతే కంటి తడి మీదా ఊపిరితిత్తుల తడి మీదా పడుతుంది. బ్లీచింగ్ పౌడర్‌లో అణిగి ఉన్న ఆ వాయువును బయటికి వదిలేది యాసిడ్.

కలపొద్దు అని చెప్పడానికి లెక్చరర్ కానక్కర్లేదు. కానీ అంజమ్మ ఎందుకు అంటుంది. చెబితే, నీకెట్ల తెలుసు అంటుంది. ఆయన టిక్కు పెట్టి నాలుగో అంతస్తుకు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత తొమ్మిదో రోజు ఎగ్జాస్ట్ ఫ్యాను పాడైంది. అంజమ్మ తలుపు వేసుకుని కడుగుతూ లోపలే పడిపోయింది.

మధ్యాహ్నానికి సుబ్రహ్మణ్యం రిపోర్టు రాశాడు. కారణం: కార్మికురాలి నిర్లక్ష్యం. "సంతకం పెట్టండి రావుగారూ. రేపటినుంచి ఆవిడ చోట ఇంకొకర్ని చూద్దాం." భీమేశ్వరరావు సంతకం పెట్టాడు.

సాయంత్రం దవాఖానకు వెళ్ళాడు. అంజమ్మ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, దగ్గుతూనే ఆయనకు ధైర్యం చెప్పింది.

"నువ్వేం పరేషాన్ గాకు సారూ. నాకు తెల్వలే, నీకు తెల్వలే. ఇద్దరం ఒక్కటే."

ఆయన మంచం ఇనుప చువ్వ పట్టుకున్నాడు. "నాకు తెలుసమ్మా. పదిహేడేళ్ళు పిల్లలకు అదే పాఠం చెప్పాను."

దగ్గు తగ్గాక అంజమ్మ అడిగింది. "మరి నాకు జెప్పనీకి ఏమైంది?"

చెప్పనివ్వనిది సిగ్గు. ఆయన మాస్కును తిరిగి ఆమె ముక్కు మీద సర్దాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, పాత ఉద్యోగం సంగతి చెప్పి, రిపోర్టు వెనక్కి ఇమ్మన్నాడు. సుబ్రహ్మణ్యం ఆయన్ని ఎగాదిగా చూశాడు. "కెమిస్ట్రీ లెక్చరరై ఉండి, ఇన్నాళ్ళూ నాచేత ఫినాయిల్ గురించి చెప్పించుకున్నారా? రాసుకోండి. ఉద్యోగం పోతే నన్నడక్కండి."

ఆయన నాలుగు ముక్కలు రాశాడు. కలిపితే ప్రమాదమని సూపర్‌వైజరుకు తెలుసు. పూర్వం కెమిస్ట్రీ లెక్చరర్. చెప్పలేదు. కార్మికురాలి తప్పు లేదు.

భవనంవాళ్ళు అందరికీ హెచ్చరికగా ఆ కాగితం నకలు లిఫ్టు పక్కన బోర్డుకు అంటించారు. అవినాష్ దాన్ని చదువుతుండగా భీమేశ్వరరావు బకెట్లతో అటు వచ్చాడు. ఈసారి మెట్లవైపు తిరిగింది అవినాష్.

ఉద్యోగం పోలేదు, జీతం పెరగలేదు. తనిఖీ కాగితంలో వాసన అన్న గడి తీసేశారు. యాసిడ్ ఒక అంతస్తులో, బ్లీచింగ్ మరో అంతస్తులో పెట్టి, రెంటి తాళాలూ ఆయనే ఉంచుకున్నాడు. సోమవారం పనివాళ్ళను కూర్చోబెట్టి జీపు కథ చెప్పాడు. పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు.

అంజమ్మ పడిపోయిన పంతొమ్మిదో రోజున పనిలోకి వచ్చింది. బాత్‌రూమ్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు బయట లాన్ ఊడుస్తోంది.